నాడె మీద నింద

జగిత్యాలలో ఆ ఆదివారం పళ్ళ డాక్టర్లంతా ఒక హోటల్ పైఅంతస్తులో కూడారు. ముందు వరుసల్లో పెద్దలు, వెనక వరుసల్లో బిర్యానీ వాసన ఎప్పుడొస్తుందా అని తలుపు వైపు మెడలు తిప్పేవాళ్ళు. సమావేశాలు ఎక్కడైనా ఇంతే. ఆ పూట మైకు ముందు నిలబడ్డది డాక్టర్ వీరేందర్. బుగ్గారంలో తాటిచెట్లెక్కే హన్మండ్లు కొడుకు. రూట్ కెనాల్ అంటే వీరేందరే చేయాలి అని పేరు తెచ్చుకున్నవాడు. జగిత్యాలలో సొంత క్లినిక్ ఉంది. అది కాక కోరుట్లకూ సిరిసిల్లకూ కారేసుకుని వెళ్ళి, అక్కడి డాక్టర్లు తమవల్ల కాదన్న పళ్ళను బాగుచేసి వస్తుంటాడు.

ఆ రోజు అతను ఎంచుకున్న విషయం, రూట్ కెనాల్ చేసిన పన్ను సిమెంటు వల్ల నల్లబడకుండా చూసుకోవడం ఎలా అని. ఎంత బాగా చెప్పాడంటే, బిర్యానీ సంగతి కాసేపు వెనక వరుసలు కూడా మరిచిపోయాయి.

"సిమెంటు వేరులనే ఉండాలె. చిగురు కిందనే ఆగాలె," అన్నాడు. "పన్ను లోపలి గదిల రవ్వంత మిగిలినా ఇయ్యాల కనవడది, కొన్ని నెలలకు నీడ బయటికి కొడ్తది. స్పిరిట్ల ముంచిన దూదితోని గోడలు తుడువుండ్రి. అద్దం పెట్టి చూడుండ్రి. మళ్ళ తుడువుండ్రి. సిమెంటు పెట్టకముందే గోడలకు ఒక జిగురు పూత ఏస్తె ఇంకా మంచిది. ఎక్స్‌రేల కనవడెతందుకు బిస్మత్ కలిపిన సిమెంట్లు ఉంటయ్ గదా, మనం పన్ను కడిగే మందు తాకితే అవి నలుపు తిరుగుతయ్. వాటిని ముందుపండ్ల దరిదాపులకు గూడ రానియ్యకుండ్రి."

అని తెర మీద ఒక ఫోటో వేశాడు. ముఖం లేదు, పెదవులూ పళ్ళూ మాత్రమే. వరుసగా తెల్లని పళ్ళు, నడిమధ్య ఒకటి తడిసిన బూడిద రంగులో.

"ఎవలయ్యా గీ ఘనకార్యం జేసింది?" అని ముందు వరుసలోంచి ఒక పెద్దాయన అడిగాడు. హాలంతా గొల్లుమంది.

"ఎవలో సార్... ఎక్కడిదో," అన్నాడు వీరేందర్. అందరితో పాటు తనూ నవ్వాడు.

గురివింద గింజ తన నలుపెరగదంటారు. పాపం, గింజకు కళ్ళు లేవు కాబట్టి ఎరగదు. ఇతనికి కళ్ళున్నాయి. ఆ పన్ను ఎవరిదో తెలుసు, ఆ పని ఎవరిదో తెలుసు. ఆ ఫోటో తీసిందీ తనే. తెలిసి తెలిసి నవ్వాడు. నవ్వు అయిపోయాక మాత్రం మంచినీళ్ళు తాగి, ఆఖరి రెండు మాటలు గబగబా చెప్పి దిగిపోయాడు.

భోజనాల దగ్గర శ్రీహరి పక్కకు వచ్చి నిలబడ్డాడు. సిరిసిల్లలో క్లినిక్ నడిపే చిన్న డాక్టరు అతను. చదువులో వీరేందర్‌కు జూనియరు, అన్నా అని పిలుస్తాడు.

"అన్నా, గా ఫోటో మన రచనది గదా?" అన్నాడు మెల్లగా.

దొంగకు తేలు కుట్టినట్టయింది వీరేందర్‌కు. "నేను పేరు చెప్పలేదు గదా," అన్నాడు. ఎవడు అడిగాడని? గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకోవడం అంటే ఇదే.

"పేరు చెప్పకుంటె మాత్రం పన్ను గుర్తువట్టనా? నేనే గద కుర్చీల కూసోవెట్టింది." శ్రీహరి అటూ ఇటూ చూశాడు. "ఇంకో ముచ్చట అన్నా. ఆ పిల్ల తల్లితోని మాట్లాడ్తలేదు. మీరు నాడె సంగతి చెప్పిన కాడినుంచి."

ఆ నాడె సంగతి తెలియాలంటే కిందటేడు బతుకమ్మ పండుగ ముందరికి పోవాలి.

రచనది తంగళ్ళపల్లి. తండ్రి నారాయణ, తల్లి సత్యవ్వ ఇంటి వెనక రేకుల షెడ్డులో మరమగ్గాలు నడుపుతారు. అక్కడ వాటిని సాంచలంటారు. రచన పగలు సిరిసిల్లలో ఒక ప్రైవేటు బడిలో ఒకటో తరగతి పిల్లలకు చదువు చెప్పేది, సాయంత్రం ఇంటికొచ్చి తల్లికి ఆసరాగా సాంచ దగ్గర నిలబడేది. దారం చుట్టిన కండెను కడుపులో పెట్టుకుని పడుగు మధ్య అటూ ఇటూ ఉరికే కొయ్య ముక్కే నాడె. దాని రెండు కొసలకూ ఇనుప మొనలుంటాయి. పండుగ చీరల పని మీద సాంచలు తెరిపి లేకుండా ఆడుతున్న రోజుల్లో ఒక నాడె గాడి తప్పి ఎగిరొచ్చి రచన ముందుపన్నుకు తగిలింది. పన్ను విరగలేదు కానీ లోపల నరం చచ్చిపోయింది. శ్రీహరి వీరేందర్‌ను పిలిపించాడు.

వీరేందర్ చేతివాటం గురించి చెప్పనక్కరలేదు. వేరును శుభ్రంగా కడిగాడు, కొలిచాడు. సిమెంటు నింపే వేళకు కోరుట్ల నుంచి ఫోను మీద ఫోను. దవడ వాచినవాడు ఒకడు అక్కడ కూర్చుని మూలుగుతున్నాడట. ముందుపళ్ళకు వాడే మంచి సిమెంటు కోసం సంచి వెతికితే, అది కోరుట్ల క్లినిక్ అలమారలోనే ఉండిపోయింది. సంచిలో ఉన్నది బిస్మత్ కలిపినదే. వేరులోకే కదా, పైకి రానీయకపోతే ఏమవుతుంది అనుకున్నాడు. నింపాడు. అది పైకి రానే వచ్చింది. ఇక దాన్ని గీకి, తుడిచి, అద్దంలో చూసి, మళ్ళీ తుడవాలి. ఫోను మళ్ళీ మోగింది. అతను దూది పెట్టి, తాత్కాలికంగా మూసి, "శ్రీహరీ, మిగతాది నువ్వు చూసుకో" అని చెప్పి కారెక్కాడు.

మిగతాది అంటే పైన పక్కా ఫిల్లింగ్ అనుకున్నాడు శ్రీహరి. ఊరూరా తిరిగే డాక్టర్లతో పని ఇలాగే సాగుతుంది. లోపలిది వచ్చిపోయేవాడిది, పైది ఉన్నవాడిది. మధ్యన గింజంత జాగా ఉంటుంది, అది ఎవరిదీ కాదు. సారు తుడిచే ఉంటాడని ఇతను, ఇతను తుడుస్తాడులే అని సారు. సిమెంటు మాత్రం ఎవరి కోసమూ ఆగలేదు, తన పని తాను చేసుకుపోయింది.

చలికాలంలో రచన చున్నీ మూతికి అడ్డం పెట్టుకుని వచ్చింది. వెంట సత్యవ్వ. చున్నీ తీయగానే వీరేందర్‌కు అర్థమైపోయింది. అర్థం కావడానికి రెప్పపాటు కూడా పట్టలేదు. పక్కన శ్రీహరి నిలబడి ఉన్నాడు. తలుపు దగ్గర ఇంకా నలుగురు పేషెంట్లు లోపలికి తొంగి చూస్తున్నారు. మనసు ఇంకా మాట వెతుక్కుంటుండగానే నోరు పని కానిచ్చేసింది.

"నాడె నోటితోని పీలుస్తవా అమ్మా నువ్వు?"

రచన కంటే ముందు సత్యవ్వ అంది: "పీల్వకుంటె ఎట్ల సారూ? కండె అయిపోయినప్పుడల్లా కొత్త దారం ఎక్కియ్యాలె గదా. దాని బొర్రకు నోరు వెట్టి పీలిస్తె దారం కొస బయటికొస్తది. మేమందరం గంతే జేస్తం."

"రంగు దారమేనా?"

"రంగుదే. పండుగ చీరలు గదా."

"అదే మరి," అన్నాడు వీరేందర్. "నరం లేని పన్ను. రంగు లోపటికి దిగింది."

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఇది అతికింది. ఆడలేనివాడు మద్దెల ఓడంటాడు, ఈయన నాడె ఓడన్నాడు. రికార్డు కోసమని ఫోనులో ఫోటో కూడా తీసుకున్నాడు. సత్యవ్వ చేతిలోని కవరును అటు తిప్పి ఇటు తిప్పి, "చిన్నప్పుడు నేనే నేర్పిన సారూ," అంది. రచన అప్పుడు తల్లి వైపు చూసింది. ఆ చూపు వీరేందర్ కూడా చూశాడు. చూసి, తర్వాతి పేషెంటును పిలవమన్నాడు.

దారిలో తనకు తాను చాలా చెప్పుకున్నాడు. నాడె పీల్చడం ఎలాగూ మంచిది కాదు, నూలు దుమ్ము ఛాతీలోకి పోతుంది, మానేస్తే వాళ్ళకే మేలు. ఇది నిజమే. నిజమైన మాటను తెచ్చి అబద్ధానికి పాన్పు వేయడం చదువుకున్నవాళ్ళకు బాగా వచ్చు. ఆ పాన్పు మీద అతను కొన్నాళ్ళు నిద్ర కూడా పోయాడు.

ఇప్పుడు బిర్యానీ ప్లేటు పట్టుకుని శ్రీహరి మిగతా కథ చెబుతున్నాడు. బడిలో పిల్లలు, నల్లపన్ను టీచర్ అని పేరు పెట్టారు. ఒకటో తరగతి పిల్లలకు నోరు తెరిచి పాటలు పాడాలి, అక్షరాలు పలికించాలి. చున్నీ అడ్డం పెట్టుకుని ఎన్నాళ్ళు చెబుతుంది? మానేసింది. ఇంట్లో కూర్చుంది. నువ్వే నా నోట్లో నాడె పెట్టినవు అని తల్లిని ఒకసారి అన్నదట. ఆ తర్వాత మాటే బంద్. ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే షెడ్డు నీడన తిరుగుతూ తల్లికి జవాబు ఇవ్వదు. బిడ్డ మాట్లాడితే గుడిలో కోడెను కడతానని సత్యవ్వ వేములవాడ రాజన్నకు మొక్కుకుంది.

"నేను గూడ చూసుకోలేదు అన్నా. తప్పు నాది గూడ," అన్నాడు శ్రీహరి. "ఒక పని జేద్దాం. పిల్లను పిలిపిస్త. లోపటి సిమెంటు తీసి, తెల్లవడే మందు వెడ్దాం. మూడు నాలుగు సార్లు మారిస్తె నలుపు దిగిపోతది. పన్ను తెల్లగైతె వాళ్ళే మాట్లాడుకుంటరు. నాడె సంగతి మళ్ళ ఎందుకు కెలుకుడు?"

వీరేందర్‌కు ప్రాణం లేచొచ్చింది. "కరెక్టే," అన్నాడు. కానీ బిర్యానీ ప్లేటు అలాగే పక్కన పెట్టేశాడు.

మర్నాడు కోరుట్లలో ఒక బస్ కండక్టరుకు ముందుపన్ను చేస్తూ తుడిచిన చోటే తుడిచాడు. స్పిరిటు దూది తెల్లగా వచ్చినా నమ్మక ఇంకోటి తీసుకున్నాడు. అద్దం పెట్టాడు, లైటు దగ్గరికి లాగాడు. "ఇంకెంతసేపు సార్, దవడ పీక్కపోతున్నది," అని కండక్టరు మొత్తుకున్నాడు. "ఐపోయింది, ఐపోయింది" అంటూ మళ్ళీ తుడిచాడు. ఇక్కడ ఎంత తుడిస్తే తంగళ్ళపల్లిలో ఏం పోతుంది? అతనికీ తెలుసు ఆ మాట. అయినా చెయ్యి ఆగలేదు.

సిరిసిల్ల పోయే రోజున, కథలాపూర్ దాటాక రోడ్డు పక్కన తాటిచెట్టు మీద ఒక గీత కార్మికుడు కనబడ్డాడు. నాన్న గుర్తొచ్చాడు. హన్మండ్లు ఎంత తొందరలో ఉన్నా నడుముకు మోకు బిగించుకుని, రెండుసార్లు గుంజి చూసుకున్నాకే కాలు పైకి పెట్టేవాడు. అవునులే, మోకు సరిగా లేకపోతే పడేది ఆయనే. తన పనిలో ఆ భయం లేదు. తను చూసుకోకపోతే పడేది ఇంకెవరో. అతనికి సిగ్గేసింది. కారులో ఒక్కడే ఉన్నా ముఖం దాచుకోవాలనిపించేంత సిగ్గు.

అయినా శ్రీహరి చెప్పిన ఉపాయాన్ని వదలలేదు. పన్ను తెల్లగా చేసి పంపిద్దాం, అంతే. క్లినిక్ మెట్లెక్కేదాకా అదే అనుకున్నాడు.

లోపల బెంచీకి ఆ చివర రచన, ఈ చివర సత్యవ్వ కూర్చుని ఉన్నారు. మధ్యలో ఇద్దరు మనుషులు పట్టేంత ఖాళీ. బయట నిలబడ్డవాళ్ళు కూడా ఆ ఖాళీలో కూర్చోవడానికి మొహమాటపడుతున్నట్టున్నారు. వీరేందర్ గదిలోకి పోగానే సత్యవ్వ వెనకే వచ్చి తలుపు దగ్గరకు వేసింది.

"సారూ, బిడ్డను పిలువకముందు ఒక మాట," అంది. నిలబడే ఉంది. "నా పన్ను పీకి దానికి వెట్టస్తదా?"

వీరేందర్ ఆమె వైపు తిరిగాడు.

"నాయి గట్టిగనే ఉన్నయి సారూ. చూడు." నోరు తెరిచి చూపించింది. తంబాకు గారతో కొంచెం పచ్చబడ్డాయి కానీ వరుస చెదరలేదు. "పెండ్లి కాకముందు సంది పీలుస్తున్న నాడె. నాయి ఒక్కటి గూడ నల్లవడలె. పాపం జేసింది నేను, పన్ను వోయింది దానిది. గిదేం న్యాయం సారూ? నాది పీకి దానికి వెట్టు. నా నోట్ల బొందవడ్డా ఏం కాదు. నన్ను జూసెటోడు ఎవడు?"

శ్రీహరి ట్రేలోని పనిముట్లను అటూ ఇటూ సర్దుతున్నాడు. సర్దాల్సిందేమీ లేదు.

వీరేందర్ కుర్చీలో కూలబడ్డాడు. నిజం చెప్పాలని అతను అప్పటికీ అనుకోలేదు. ఆ తెరిచిన నోటి ముందు అబద్ధం ఇంకో క్షణం కూడా నిలబడలేకపోయింది, అంతే.

"అవ్వా, నీ తప్పేం లేదు. నాడె వల్ల కాలేదు. నేను పెట్టిన సిమెంటు వల్ల నల్లవడ్డది. నేను తుడువలేదు. ఆనాడు గా మాట అబద్ధం చెప్పిన."

సత్యవ్వ తల అడ్డంగా ఊపింది, జాలిగా.

"నువ్వు మంచోనివి సారూ. నా ఏడుపు సూడలేక గట్లంటున్నవ్."

"కాదవ్వా, నిజంగనే..."

"మా ఆయన గూడ గిట్లనే అంటడు, నీ తప్పు కాదు, నీ తప్పు కాదు అని. నాకు తెల్వదా?"

ఆనాడు ఒక్క మాటకే నమ్మిన మనిషి ఇవాళ ఒట్టేసినా నమ్మేటట్టు లేదు. వీరేందర్ లేచి, తలుపు తీసి రచనను తనే పిలిచాడు. కుర్చీలో కూర్చోబెట్టి చేతికి అద్దం ఇచ్చాడు. "చూస్తుండు," అన్నాడు. పన్ను వెనక నుంచి పాత ఫిల్లింగ్ తీశాడు. చచ్చిన పన్ను కాబట్టి నొప్పి లేదు. సన్నటి పనిముట్టుతో లోపలి గది గోడను గీకితే నల్లని పొడి, ముద్ద ముద్దగా, తడి మట్టిలా వచ్చింది. దాన్ని తెల్ల దూది మీద పెట్టి తల్లీబిడ్డలిద్దరికీ కనబడేటట్టు పట్టుకున్నాడు.

"ఇది దారం రంగు కాదు. నేను పెట్టిన మందు. వేరుల ఉండాల్సింది, పైన వదిలేసిన. ఆ రోజు తొందరల ఉన్న. ముందుపన్నుకు ఇది పెట్టుడే తప్పు, పెట్టి తుడువకపోవుడు ఇంకో తప్పు."

సత్యవ్వ దూదిని దగ్గరికి తీసుకుని చూసింది. వేలితో నలిపింది. వేలికి నలుపు అంటింది. దారం రంగు ఆమెకు తెలియనిది కాదు. ఆమె ముఖంలోని జాలి అప్పుడు మెల్లగా పోయింది.

రచన అద్దం దించింది. "చలికాలంల అచ్చినప్పుడు," అంది, నోట్లో దూది ఉన్నందువల్ల మాట మెత్తగా వచ్చింది, "గప్పుడు మీకు తెల్వదా సార్?"

తెలియదు అనవచ్చు. తర్వాత ఆలోచిస్తే అర్థమైంది అనవచ్చు. ఎవరు కాదంటారు? శ్రీహరి కూడా ఆ మాట కోసమే చూస్తున్నట్టున్నాడు.

"తెల్సు," అన్నాడు వీరేందర్.

రచన కుర్చీలోంచి దిగింది. చున్నీ సర్దుకుని తల్లి దగ్గరికి పోయి, "ఇంటికి పోదాం పా అమ్మా," అంది. అన్ని నెలల తర్వాత తల్లితో ఆమె అన్న మొదటి మాట అది.

సత్యవ్వ కళ్ళు నిండాయి. కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత బిడ్డ భుజం పట్టుకుని మళ్ళీ కుర్చీ వైపు తిప్పింది. "పన్నుకు బొర్ర వెట్టుకోని యాడికి వోతవు? కూసో. పని కానియ్." రచన కూర్చుంది.

వీరేందర్ పని చేశాడు. మిగిలిన సిమెంటంతా చిగురు కిందిదాకా తీశాడు, కడిగాడు, తుడిచాడు, తెల్లబరిచే మందు లోపల పెట్టి మూశాడు. మళ్ళీ వారం రమ్మన్నాడు. సత్యవ్వ కుర్చీ పక్కనే నిలబడి బిడ్డ చెయ్యి పట్టుకుంది. వాళ్ళు తనను తిడితే బాగుండుననిపించింది అతనికి. తిట్లకైతే క్షమాపణ చెప్పవచ్చు.

పోయేముందు సత్యవ్వ అడిగింది: "మరి నాడె సంగతేంది సారూ?"

"నాడెకు, ఈ నలుపుకు ఏం సంబంధం లేదవ్వా."

"నాకు జెప్తివి. మా వాడకట్టుకు ఎవలు జెప్పాలె? మా బిడ్డ పన్ను జూపెట్టుకుంట ఊరంత చెప్పుకున్నరు, నాడె పీలిస్తె పండ్లు నల్లవడతయని. లసుమవ్వ తన కోడలిని సాంచ కాడికి రానిస్తలేదు. ఆమె కొడుకు పగలు రాత్రి ఒక్కడే కొట్టుకుంటున్నడు. నన్ను జూస్తె, బిడ్డ నోరు నల్లగ జేసిన తల్లి అని ఇంటిముంగటి కెల్లే అనుకుంట వోతరు. నేను పోయి, డాక్టరే తప్పు జేసిండట అంటె ఎవలన్న నమ్ముతరా?"

"నేను ఫోన్ల..."

"ఫోన్ల వద్దు. నువ్వే అచ్చి చెప్పు."

శ్రీహరి అందుకున్నాడు. "అవ్వా, సార్ మళ్ళ జగిత్యాల పోవాలె. బయట పేషెంట్లున్నరు. టైమేడిది సార్‌కు..."

సత్యవ్వ గొంతు పెంచలేదు. "ఆనాడు గా మాట చెప్పెతందుకు టైమున్నది గదా బిడ్డా," అంది శ్రీహరితోనే.

వీరేందర్ చేతి తొడుగులు తీసి పారేశాడు. "వస్త పా," అన్నాడు.

మానేరు వంతెన దాటి తంగళ్ళపల్లికి ఎంతో దూరం లేదు. కారు వెనక సీట్లో తల్లీబిడ్డా కూర్చున్నారు. కొంత దూరం పోయాక రచన ఏదో గుసగుసగా అడిగింది, సత్యవ్వ చెప్పింది, మళ్ళీ రచన ఏదో అంది. అతనికి వినబడలేదు. వినే హక్కు తనకు లేదని కూడా అతనికి తెలుసు. అద్దంలోకి చూడకుండా నడిపాడు.

వాడకట్టులోకి తిరిగేసరికి సాంచల చప్పుడు చెవుల్లో దూరింది. ప్రతి ఇంటి వెనకా రేకుల షెడ్డే, ప్రతి షెడ్డులో అదే టకటక. ఎండ ఫెళ్ళున కాస్తోంది. వీరేందర్ కారు దిగి ఒక ఇంటి అరుగు ముందు నిలబడ్డాడు. ఎవరికైనా ఏదైనా చెప్పాలంటే అరవాలి, అరిచినా వినబడదు. సత్యవ్వ అతన్ని అక్కడే ఉండమని చెప్పి షెడ్డు షెడ్డుకూ పోయింది. లోపల ఏం చెప్పిందో ఏమో, ముందు ఒక సాంచ ఆగింది. తర్వాత పక్కది. ఆ తర్వాత వెనక సందులోవి. నడిచే సాంచను పనివేళలో ఆపడమంటే మాటలు కాదు. డాక్టరు వచ్చాడంటే, సత్యవ్వ పిలిచిందంటే ఆపారు. చివరి సాంచ కూడా ఆగాక వీధంతా నిశ్శబ్దమైపోయింది. అంత నిశ్శబ్దం వీరేందర్ ఒక్కడి కోసం.

ఆడవాళ్ళు, మగవాళ్ళు నూలు పీచు అంటిన తలలతో బయటికొచ్చి చుట్టూ నిలబడ్డారు. లసుమవ్వ చేతులు కట్టుకుని నిలబడింది, ఆమె వెనక కొత్త కోడలు. అందరికంటే ముందు వజ్రమ్మ వచ్చి అరుగు మీద కూర్చుంది. వయసులో ఆ వాడకట్టుకే పెద్ద. జీవితమంతా సాంచల మధ్య గడిపిన మనిషి.

జగిత్యాల హాలులో ఎన్ని మాటలు! ఇక్కడ నాలుగు మాటలు కూడదీసుకోవడానికి చెమటలు పట్టాయి.

"నాడె పీలిస్తె పండ్లు నల్లవడవు," అన్నాడు. "దుమ్ము లోపటికి పోతది, అది ఛాతీకి మంచిది కాదు. అది వేరే ముచ్చట. గాని పండ్లు నల్లవడవు. రచన పన్ను నల్లవడ్డది నా వల్ల. నేను పెట్టిన మందు నేను తుడువలేదు. తప్పు కప్పుకునేతందుకు నాడె మీదికి తోసిన. సత్యవ్వ తప్పు రవ్వంత గూడ లేదు."

లసుమవ్వ సత్యవ్వ వైపు చూసి తల దించుకుంది. రచన చున్నీ మూతి మీద లేదు. తల్లి పక్కన నిలబడి అతన్ని సూటిగా చూస్తోంది. అయిపోయింది, చెప్పేశాను అని వీరేందర్ గాలి పీల్చుకున్నాడు.

వజ్రమ్మ చెవి దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకుని ముందుకు వంగింది.

"ఏందీ? సాంచల చప్పుడుకు నాకు చెవులు పోయినయి బిడ్డా. నువ్వు నోట్లెనే అనుకుంటున్నవ్. జర గట్టిగ చెప్పు, అందరికి ఇనవడాలె."

ఎవరైనా ఆమె చెవిలో చెబుతారేమోనని అతను చుట్టూ చూశాడు. ఎవరూ చెప్పలేదు. సాంచలు ఆగే ఉన్నాయి, జనం చూస్తూనే ఉన్నారు. వీరేందర్ అరుగు మీదికి ఎక్కి నిలబడి, గొంతు పెంచి, మొదటి నుంచి మళ్ళీ చెప్పాడు.